కోచింగ్‌కి డబ్బుల్లేవు, బాబేమో రాత్రి పన్నెండయినా పడుకోడు

ప్రశ్న: మాది బోరబండ, ఒకటే గది. కొండాపూర్ అపార్ట్‌మెంట్లలో వంటపనికి వెళ్తాను. మా ఆయన క్యాబ్ నడుపుతారు, ఇంటికొచ్చేసరికి రాత్రి పదకొండు దాటుతుంది. సాయంత్రం నేను పనికెళ్తూ, గల్లీలో బండ్లు ఎక్కువని తొమ్మిదేళ్ల మా బాబుని గడప దాటొద్దని చెప్పి వెళ్తాను. వాడు పాత ఫోన్ పట్టుకుని కూర్చుంటాడు. పన్నెండుకి గానీ పడుకోడు, క్లాసులో తూగుతున్నాడని టీచర్ అంటున్నారు. నేను వండే ఇళ్లలో పిల్లలు ఈతకి, బ్యాడ్మింటన్‌కి వెళ్తుంటే ఏడుపొస్తోంది. మేడమ్ దగ్గర అడ్వాన్సు తీసుకుని కోచింగ్‌లో వేయనా?

జవాబు: అమ్మా, ఆ అడ్వాన్సు తీసుకోకండి. అది తీర్చడానికి ఇంకో ఇల్లు ఒప్పుకుంటారు, బాబు ఇంకో గంట ఒంటరిగా ఉంటాడు, ఫోన్ ఇంకో గంట పెరుగుతుంది. ముందు నిద్ర సంగతి చూడాలి. 5 నుంచి 13 ఏళ్ల పిల్లలకు రాత్రి 9 నుంచి 11 గంటల నిద్ర కావాలి. పొద్దున ఆరున్నరకి లేవాలంటే తొమ్మిదికల్లా పడుకోవాల్సిందే. నిద్ర సరిపోని పిల్లాడు చిరాకు పడతాడు, ఆటకి ఒళ్లొంగదు, ఫోన్ దగ్గరే కూలబడతాడు, దాంతో ఆ రాత్రి నిద్ర ఇంకా వెనక్కి పోతుంది.

ఒకటి గమనించారా, వాడు పడుకునేది నాన్న వచ్చాకే. రోజు మొత్తమ్మీద వాడికి నాన్న దొరికేది ఆ కాసేపే మరి. ఆయన అన్నం తినాలన్నా, టీవీ చూడాలన్నా, లైటు వేయాలన్నా అన్నీ ఆ గదిలోనే. ఇందులో మీ పెంపకం తప్పేమీ లేదు, మీ ఇద్దరి పనివేళలు అలా ఉన్నాయి. అందుకని నాన్నని పొద్దుటికి మార్చండి. ఆయన్నే లేచి బాబుని నడిపించుకుంటూ స్కూల్లో దింపమనండి, వచ్చాక మళ్లీ పడుకోవచ్చు. పొద్దున నాన్న తోడొస్తాడని నమ్మకం కుదిరితే రాత్రి ఎదురుచూడటం మెల్లగా తగ్గుతుంది. తొమ్మిదికి పెద్ద లైటు ఆపి జీరో బల్బు వేయండి, మంచానికి అడ్డంగా పాత చీర కట్టండి, మీ ఆయన టీవీ బదులు ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఫోన్‌లో చూసుకోవచ్చు. ఆ పాత ఫోన్ మాత్రం పడుకునే ముందే మీ చేతికి రావాలి.

ఇక ఆట. గడప దాటొద్దంటే వాడు ఫోన్ చూడక ఏం చేస్తాడు చెప్పండి? ఆ అపార్ట్‌మెంట్ పిల్లలూ స్కూల్ బస్సులో, ట్యూషన్‌లో, ట్యాబ్ ముందు గంటలు గంటలు కూర్చునేవాళ్లే. డబ్బుతో వాళ్లకి దొరికిన అసలు సుఖం విడిగా పడుకునే గది, సాయంత్రం కనిపెట్టుకునే మనిషి, బండ్లు రాని జాగా. మీరు వెతకాల్సినవీ అవే. గల్లీలో ఇంకో ఇద్దరు తల్లులతో మాట్లాడి, పిల్లల్ని కనిపెట్టుకోవడానికి వంతులేసుకోండి. స్కూల్ అయ్యాక ఒక గంట గ్రౌండ్‌లో ఉండనిస్తారేమో హెడ్‌మాస్టర్‌ని అడగండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది రోజుకి సగటున కనీసం 60 నిమిషాలు ఆయాసం వచ్చేలా ఆడాలని, అది ఒకే దఫాలో కానక్కర్లేదు. కబడ్డీ, స్కిప్పింగ్, పరుగు పందెం ఏదైనా పర్లేదు. సెలవు దొరికిన రోజు యూసఫ్‌గూడ కృష్ణకాంత్ పార్కుకి తీసుకెళ్లండి.

నెల రోజులు త్వరగా పడుకున్నా క్లాసులో తూగుతుంటే, లేదా గురక పెడుతూ నోటితో ఊపిరి తీస్తుంటే బస్తీ దవాఖానాలో చూపించండి, అక్కడ డబ్బు తీసుకోరు. బాబుకి కోచింగ్ మీద అంత ఇష్టముంటే, వేసవిలో జీహెచ్‌ఎంసీ సమ్మర్ క్యాంపులు పెడుతుంది, ఫీజు కొద్దిగానే ఉంటుంది, మార్చిలోనే వార్డు ఆఫీసులో అడిగి పెట్టుకోండి.