సమాధానం: క్లోరైడ్ ఎలక్ట్రోడు వాలు 41 మిల్లీవోల్టులే రావడం గురించి

మాస్టారూ, నమస్కారం. మీ బి.ఎస్సీ. విద్యార్థులు వెండి తీగతో చేసిన, నీటిలోని క్లోరైడ్‌ను కొలిచే ఎలక్ట్రోడులో క్లోరైడ్ గాఢత పది రెట్లు మారితే పొటెన్షియల్ 41 మిల్లీవోల్టులే మారుతోందని, అందువల్ల భావనపాడు బావినీటి లెక్క తేలడం లేదని రాశారు. గాఢతకూ పొటెన్షియల్‌కూ ఉన్న సంబంధం చెప్పే నెర్న్‌స్ట్ సమీకరణం ప్రకారం 25 డిగ్రీల వద్ద ఈ మార్పు (వాలు) సుమారు 59, మన శ్రీకాకుళం ఎండల్లో 30 డిగ్రీలుంటే 60 రావాలి.

దోషం తీగది కాదు, దాని పొటెన్షియల్‌ను పోల్చి కొలవడానికి పక్కన ముంచే కాలోమెల్ ఎలక్ట్రోడుదని నా అనుమానం. దాని కొన నుండి సంతృప్త పొటాషియం క్లోరైడ్ బీకరులోకి ఊరుతూనే ఉంటుంది; 0.1 మోలార్ (లీటరుకు 0.1 మోల్) ద్రావణంలో అది లెక్కలోకి రాదు గానీ, 0.0001 మోలార్‌లో కొలవవలసిన క్లోరైడ్ కంటే ఊరినదే ఎక్కువైపోవచ్చు. పలుచని ద్రావణంలో ముంచి అయిదు నిమిషాలు మీటరును చూడమనండి. అంకె ఆగకుండా దిగుతుంటే కారణం ఇదే.

కాలోమెల్‌ను పొటాషియం నైట్రేట్ ఉన్న వేరే బీకరులో ఉంచి, అదే లవణం కలిపిన అగర్ జెల్ నింపిన గొట్టంతో (సాల్ట్ బ్రిడ్జి) రెండు బీకర్లనూ కలపండి. ప్రమాణ ద్రావణాలనూ బావినీటినీ 0.1 మోలార్ పొటాషియం నైట్రేట్‌తోనే సిద్ధం చేయించండి. తీగను సన్నని ఎమరీ కాగితంతో రుద్ది, ముదురు గోధుమ సిల్వర్ క్లోరైడ్ పూత పట్టేదాకా బ్లీచింగ్ ద్రవంలో ఉంచితే చాలు. ఇంట్లో నల్లబడిన వెండి కుంకుమభరిణె మీది పూత మాత్రం సల్ఫైడ్, అది పనికిరాదని పిల్లలకు చెప్పండి. తాగునీటిలో క్లోరైడ్‌కు భారతీయ ప్రమాణం లీటరుకు 250 మిల్లీగ్రాములు, అంటే సుమారు 0.007 మోలార్ కనుక, బావినీటి ఫలితాన్ని దానితో పోల్చించవచ్చు.