గొప్ప సినిమా నచ్చకపోతే?

ప్రశ్న: ప్రపంచంలోకెల్లా గొప్ప సినిమా అని విని ‘సిటిజన్ కేన్’ చూశాను, సగంలోనే విసుగు వచ్చింది. లోపం నాదేనా?
– ఒక పాఠకురాలు, మైలాపూర్, చెన్నై

జవాబు: కాదమ్మా. 1941 నాటి ఆ చిత్రం, ‘సైట్ అండ్ సౌండ్’ పత్రిక పదేళ్లకొకసారి జరిపే విమర్శకుల ఎంపికలో 1962 నుంచి 2002 దాకా ప్రథమ స్థానంలో నిలిచింది. 2012లో ‘వెర్టిగో’ దానిని దాటింది. అంటే విమర్శకుల తీర్పూ మారుతుంది. చనిపోయిన మనిషి జీవితాన్ని పలువురి జ్ఞాపకాల ద్వారా ముందువెనుకలుగా చెప్పే ఆ పద్ధతిని తరువాతి దర్శకులు ఎంతగానో వాడుకున్నందువల్ల, అది నేడు మీకు కొత్తగా తోచకపోవడం సహజం. అయితే ఇంట్లో పెద్దలు పిల్లవాడి భవిష్యత్తును కాగితం మీద రాసిచ్చేస్తుండగా, కిటికీ అవతల మంచులో ఆడుకుంటున్న వాడు కూడా అంతే స్పష్టంగా కనిపించే దృశ్యాన్ని (ఛాయాగ్రాహకుడు గ్రెగ్ టోలాండ్ ప్రతిభ అది) దయచేసి మరొక్కసారి చూడండి. అప్పటికీ మనసు కదలకపోతే, నచ్చలేదని నిస్సంకోచంగా చెప్పండి.