పంచాయతీ బడిని పట్టణం బడి అన్నారు: నవోదయ సీటుకు అప్పీలు ఎలా?

ప్రశ్న: మాది రాయగడ పట్టణానికి ఆనుకుని ఉన్న ఊరు. మా బాబు నవోదయ ఆరో తరగతికి గ్రామీణ కోటాలో ఎంపికయ్యాడు. కాగితాలు చూపించడానికి వెళ్తే, వాడు చదివిన బడి పట్టణంలో ఉన్నట్టు రికార్డుల్లో ఉందని, సీటు ఇవ్వలేమని అన్నారు. బడి మా పంచాయతీలోనే ఉంది. మూడు, నాలుగు, ఐదు తరగతులు అక్కడే చదివాడు. ఎవరిని అడగాలి?
- ఒక తల్లి, రాయగడ జిల్లా

జవాబు: అమ్మా, మీవైపు న్యాయం ఉంది, కానీ వ్యవధి లేదు. ఖాళీ అయిన సీటు వెయిటింగ్ లిస్టులో తర్వాతి బిడ్డకు వెళ్లిపోతుంది. అందుకే రేపే ప్రిన్సిపాల్ గారికి అర్జీ ఇవ్వండి. ఏ తేదీన, ఏ కారణం చెప్పి తిప్పి పంపారో అందులో రాసి, ఆ కారణాన్ని కాగితం మీద ఇవ్వమని అడగండి. నకలు మీద ఆఫీసు ముద్ర, తేదీ వేయించుకోండి. నోటిమాట మీద అప్పీలు నిలవదు.

అర్జీలో బాబు తెలివితేటల గురించి రాయకండి. అది పరీక్షలో తేలిపోయింది. తేలాల్సింది బడి ఎక్కడుందన్నదే. నవోదయలో కనీసం 75 శాతం సీట్లు గ్రామీణ పిల్లలవి. మూడు, నాలుగు, ఐదు తరగతులు పూర్తిగా గ్రామీణ బడిలో చదివి ఉండాలి. వాటిలో ఒక్కరోజు పట్టణ బడిలో చదివినా పట్టణ అభ్యర్థి కిందే లెక్క. ప్రభుత్వ నోటిఫికేషన్‌లో పట్టణంగా ప్రకటించినదే పట్టణం, మిగతాదంతా గ్రామం. ఒడిశాలో మునిసిపాలిటీతో పాటు ఎన్.ఏ.సి. (చిన్న పట్టణాలకు ఉండే నోటిఫైడ్ ఏరియా కౌన్సిల్) కూడా పట్టణమే. అంతేగాని బజారు పక్కనే ఉందనో, చిరునామాలో రాయగడ అని రాసి ఉందనో పంచాయతీ బడి పట్టణం బడి కాదు.

తేడా ఎక్కువగా యూడైస్‌లో, అంటే దేశంలోని బడుల వివరాలుండే ప్రభుత్వ రికార్డులో వస్తుంది. ప్రతి బడికీ 11 అంకెల యూడైస్ కోడ్ ఉంటుంది. ఆ వివరాల్లో గ్రామీణమా, పట్టణమా అని ఒక గడి ఉంటుంది. అది ఒకసారి తప్పు పడితే, ఏటా పాత వివరాలనే దించుకుంటూ పోయినప్పుడు తప్పూ వెంట వస్తుంది. హెడ్మాస్టరు గారి చేత బి.ఇ.ఓ.కి (బ్లాక్ విద్యాధికారికి) సవరణ లేఖ రాయించండి. ఆ సవరణ అయ్యేదాకా ఆగకుండా ఈ కాగితాలు పట్టండి: బడి ఉన్న ఊరు ఫలానా గ్రామ పంచాయతీలోదని తహసీల్దారు లేదా బి.డి.ఓ. ధ్రువపత్రం, ఆ ఊరు ఏ వార్డులోనూ లేదని మునిసిపాలిటీ ఎగ్జిక్యూటివ్ ఆఫీసరు లేఖ, చేరిన తేదీ, మూడేళ్ల హాజరు చూపే అడ్మిషన్ రిజిస్టర్ నకలు, బి.ఇ.ఓ. సంతకంతో. మునిసిపాలిటీ లేఖ చాలామందికి తట్టదు గాని, గట్టిగా నిలబడేది అదే. సర్పంచి గారి ఉత్తరం ఒక్కటే అయితే సరిపోదు. ఒడియాలో ఉన్న కాగితాలకు ఇంగ్లీషు అనువాదం జతచేయండి. ఎందుకంటే ఒడిశా నవోదయలను చూసే ప్రాంతీయ కార్యాలయం భోపాల్‌లో ఉంది.

అర్జీ ఒక ప్రతి కలెక్టరు గారికి ఇవ్వండి. విద్యాలయ నిర్వహణ కమిటీకి అధ్యక్షులు ఆయనే. ఇంకో ప్రతి భోపాల్‌లోని డిప్యూటీ కమిషనర్‌కు స్పీడ్ పోస్టులో, ఈమెయిల్‌లో పంపండి. మూడు ప్రతుల్లోనూ రెండు కోరికలు ఉండాలి: నిర్ణయం వచ్చేవరకు సీటు వేరొకరికి ఇవ్వవద్దని, ఒకవేళ గ్రామీణం కాదని తేలినా, మార్కులు సరిపోతే గ్రామీణ కోటా కాని ఓపెన్ సీట్లలో పరిశీలించమని. రెండోది ఒప్పుకుంటారన్న హామీ లేదు, అడగకపోతే మాత్రం ఎవరూ చూడరు. కేంద్ర ఫిర్యాదుల పోర్టల్ సీపీగ్రామ్స్‌లోనూ నమోదు చేయండి, కానీ దానికి 21 రోజుల గడువుంది కాబట్టి దాన్నే నమ్ముకుని కూర్చోవద్దు.

ఇవేవీ కదలకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. 1987 చట్టం 12వ సెక్షన్ ప్రకారం స్త్రీలకు, పిల్లలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. కటక్ హైకోర్టులో రిట్ వేయాల్సి వచ్చినా దారి అక్కడినుంచే.

ప్రశ్న: మా పాప పేరు లిస్టులో లేదు. బాగా రాశానంటోంది. పేపరు మళ్లీ దిద్దించవచ్చా? వచ్చే ఏడు మళ్లీ రాయించవచ్చా?
- ఒక తండ్రి, సిరొంచ, గడ్చిరోలి జిల్లా

జవాబు: రెండూ కుదరవు. ఓఎంఆర్ పత్రాలను కంప్యూటరు దిద్దుతుంది, మార్కులు తిరిగి లెక్కించమంటే తీసుకోరు. ఐదో తరగతి మళ్లీ చదివించినా రెండోసారి పరీక్షకు అనర్హురాలే, కాబట్టి పాప ఏడాది పాడుచేయకండి. పాప మార్కులు, మీ కేటగిరీలో చివరగా ఎంపికైనవారి మార్కులు, వెయిటింగ్ లిస్టులో స్థానం ఆర్టీఐలో అడగవచ్చు. రుసుము 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబివ్వాలి. ఇవ్వకపోతే మరో 30 రోజుల్లోగా మొదటి అప్పీలు. ఎనిమిదిలో ఉండగా తొమ్మిదో తరగతి ఖాళీలకు వేరే పరీక్ష ఉంది: లెక్కలు 35, సైన్స్ 35, ఇంగ్లీషు 15, హిందీ 15 మార్కులు. ఇప్పటినుంచీ హిందీ వదలకండి.

ప్రశ్న: మా ఇల్లు గుణుపూర్‌లో. బాబు పార్వతీపురంలో అమ్మమ్మ దగ్గర ఐదో తరగతి చదువుతున్నాడు. ఏ జిల్లా నుంచి రాయాలి?

జవాబు: ఇలా అయితే ఏ జిల్లా నుంచీ కుదరదు. మీ నివాసం, వాడి ఐదో తరగతి ఒకే జిల్లాలో ఉండాలి. దీనికి అప్పీలు కూడా లేదు. తమ్ముడో చెల్లెలో ఉంటే ఐదో తరగతి మొదలయ్యేనాటికే రాయగడ జిల్లా బడిలో చేర్చండి. ఆ బిడ్డ పార్వతీపురం పట్టణం బడిలో మూడు, నాలుగు చదివి ఉంటే దరఖాస్తులో పట్టణం అనే రాయండి. పొరపాటు పడితే, గడువు ముగిశాక కొద్దిరోజులు తెరిచే సవరణ విండోలో దిద్దుకోవచ్చు. అది మూశాక ఆ గడిని ఎవరూ మార్చరు.