ఇంగ్లిష్ రాకనా, అక్షరం అందకనా? విశాఖ నుంచి పిల్లలతో అమెరికా వచ్చేవాళ్ళకి

ఒకటో తరగతిలోనో రెండో తరగతిలోనో ఉన్న పిల్లల్ని తీసుకుని విశాఖ నుంచి వచ్చిన కుటుంబాలు మొదటి ఏడాదిలోనే అడిగే ప్రశ్న ఇది. "అక్కడ ఎలాగో నెట్టుకొచ్చాడు, ఇక్కడ పుస్తకం తీస్తే చాలు కడుపునొప్పి అంటున్నాడు. భాష కొత్త కావడం వల్లా, లేక ఇంకేమన్నా ఉందా?" స్కూల్లో అడిగితే "ముందు ఇంగ్లిష్ రానివ్వండి, తర్వాత చూద్దాం" అంటారు. ఇంటికి ఫోన్ చేస్తే నానమ్మ "వాళ్ళ నాన్న కూడా గుంటడిగా ఉన్నప్పుడు నాలుగేళ్ళ దాకా మాటాడలేదు" అంటుంది. ఆ మాట విని ధైర్యం తెచ్చుకోకండి, కాగితం మీద రాసుకోండి. డిస్‌లెక్సియా (తెలివికి లోటు లేకపోయినా చదవడం కష్టమయ్యే లోపం) లాంటివి కుటుంబాల్లో నడుస్తాయి. తండ్రికో మేనమామకో చదువు దగ్గర అలాంటి తిప్పలుండేవంటే, పిల్లాణ్ణి ఇంకాస్త ముందుగానే గమనించాలి.

ప్రశ్నకి సగం జవాబు తెలుగులోనే ఉంటుంది. ఇంగ్లిష్ రాకపోవడమే కారణమైతే, ఇబ్బంది ఇంగ్లిష్‌లోనే కనిపించాలి. అక్షరాన్నీ శబ్దాన్నీ ముడివేసే చోటే చిక్కుంటే అది ఏ భాషలోనైనా బయటపడుతుంది. కాకపోతే తెలుగులో దాని వేషం వేరు. మన లిపిలో రాసిన అక్షరానికి దాదాపు ఎప్పుడూ ఒకటే శబ్దం. అందుకే చిక్కున్న పిల్లలు కూడా తెలుగు తప్పుల్లేకుండా చదివేయొచ్చు, కానీ చాలా నెమ్మదిగా. ‘విశాఖపట్నం’ అనే మాట ఒకే పేజీలో మూడుసార్లు వచ్చిందనుకోండి. రెండో తరగతి పిల్లాడు మొదటిసారి ‘వి... శా... ఖ... ప...’ అని కూడబలుక్కోవడం, ‘ట్నం’ దగ్గర ఆగిపోవడం మామూలే. మూడోసారికి చూపుతోనే పట్టుకోవాలి. మూడోసారీ ఆ మాటని ఎన్నడూ చూడనట్టు ‘వి’ నుంచి మొదలుపెడితే, నెలల తరబడి అదే జరుగుతుంటే, అది బద్ధకం కాదు. రాతలో అయితే ఒత్తులు చూడండి. ‘చెట్టు’ని ‘చెటు’ అని, ‘అమ్మ’ని ‘అమ’ అని ఒకటో తరగతిలో అందరూ రాస్తారు. మూడో తరగతిలోనూ అలాగే రాస్తుంటే పట్టించుకోవాలి.

తెలుగు చదవడం ఇంకా మొదలుపెట్టని పిల్లల్ని చెవితో పరీక్షించొచ్చు. అయిదారేళ్ళ పిల్లాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని ఆటలా అడగండి: "గంట, మంట, బంతి. వీటిలో ఏది కలవలేదు?" "చిలకలో ‘చి’ తీసేస్తే ఏం మిగిలింది?" మొదట రెండు మూడు మాటలతో మీరే చేసి చూపించాలి, లేకపోతే ఆట అర్థం కాక తప్పు చెబుతాడు. పది మాటలు అడగండి, వారం ఆగి మళ్ళీ అడగండి. రెండుసార్లూ సగం కూడా అందకపోతే టీచరుకి చెప్పాల్సిన సంగతే. ఇది రోగనిర్ధారణ కాదు, టార్చిలైటు లాంటిది అంతే.

దీనికి తలకిందుల పొరపాటూ ఒకటి జరుగుతుంది. మన తెలుగు నోరు చేసే పనిని ఇక్కడివాళ్ళు లోపంగా రాసేస్తారు. తెలుగు మాట అచ్చుతో ముగుస్తుంది కాబట్టి పిల్లాడు ‘బస్సు’, ‘బుక్కు’ అంటాడు. జెడ్ శబ్దం మనకి లేదు కాబట్టి ‘జిప్’ అన్నది జె తో రాస్తాడు. ‘వి’కీ ‘డబ్ల్యూ’కీ తేడా వినపడదు. ఇవేవీ లోపాలు కావు, యాస. స్పీచ్ థెరపిస్టుకి తెలుగు తెలియదు గనక ఈ నాలుగు ముక్కలూ మీరే కాగితం మీద రాసివ్వండి. యాసతో సంబంధం లేని తప్పులు వేరేగా ఉంటాయి: ‘స్టాప్’లో ఒక హల్లు వదిలేసి రాయడం, మొదటి అక్షరం చూసి ‘హార్స్’ని ‘హౌస్’ అని ఊహించడం, నిన్న పదిసార్లు చదివిన ‘సెడ్’ అన్న మాట ఇవాళ గుర్తుపట్టకపోవడం. చిన్న బి, చిన్న డి తిరగేసి రాయడం చూసి మాత్రం ఏడేళ్ళ లోపు బెంగపడకండి, అది అందరు పిల్లలూ చేసేదే.

ఇంకో మాట. విశాఖలో నాలుగేళ్ళకే ఎల్‌కేజీలో నాలుగు గీతల కాపీ నిండా రాయిస్తారు. ఆ వయసు వేళ్ళకి ఆ పని భారం. నాలుగేళ్ళ పిల్ల అక్షరం గీతలోంచి బయటికి పోయిందని డిస్‌గ్రాఫియా (రాయడంలో లోపం) అనుకోవద్దు. ఏడెనిమిదేళ్ళకి కూడా పెన్సిలు బిగించి పట్టుకుని, నాలుగు వాక్యాలకే చెయ్యి నొప్పంటూ, నోటితో చక్కగా చెప్పిన కథలో పదో వంతు కూడా కాగితం మీద పెట్టలేకపోతే అప్పుడు ఆలోచించాలి. లెక్కల్లో అయితే, ఏడేళ్ళొచ్చినా 5 కి 3 కలపమంటే మళ్ళీ ఒకటి నుంచి వేళ్ళు మడవడం, పాచిక మీద నాలుగు చుక్కలు చూడగానే నాలుగని చెప్పలేక లెక్కపెట్టుకోవడం గుర్తులు.

మూడేళ్ళ లోపు పిల్లలకి ‘చదువు లోపం’ అనే పేరు పెట్టలేం, చూడాల్సింది మాట. రెండేళ్ళు నిండేసరికి రెండేసి మాటలు కలపాలి: "అమ్మా పాలు", "నాన్న రా". మాటలు లెక్కపెట్టేటప్పుడు తెలుగువీ ఇంగ్లిష్‌వీ కలిపి లెక్కపెట్టండి. రెండు భాషలు వినడం వల్ల మాటలు ఆలస్యం కావు. ఇంట్లో తెలుగు మానేయమని ఎవరు చెప్పినా వినొద్దు, మానేస్తే పిల్లాడికి తల్లితో నిండుగా మాట్లాడే భాషే లేకుండా పోతుంది. అనుమానముంటే మీ రాష్ట్రంలోని ఎర్లీ ఇంటర్వెన్షన్ (మూడేళ్ళ లోపు పిల్లలకి సాయం చేసే ప్రభుత్వ కార్యక్రమం) వాళ్ళకి మీరే ఫోన్ చేయొచ్చు, డాక్టరు చీటీ అక్కర్లేదు. మీ కబురు అందిన 45 రోజుల్లో పరీక్షలు చేసి, అర్హత ఉంటే సేవల పథకం కోసం సమావేశం పెట్టాలన్నది నియమం. మూడేళ్ళు నిండాక బాధ్యత స్కూల్ డిస్ట్రిక్ట్‌ది, అంటే మీ ప్రాంతంలో ప్రభుత్వ బడుల్ని నడిపే సంస్థది.

ఏ వయసైనా ముందు చెవులు, కళ్ళు. పుట్టినప్పుడు వినికిడి పరీక్ష పాసైనా, తరచూ జలుబు చేసి చెవి లోపల నీరు చేరితే నెలల తరబడి సగమే వినిపిస్తుంది. వీలైతే ఆడియోమెట్రీ (వినికిడి పరీక్ష), కంటి పరీక్ష విశాఖలో బయలుదేరే ముందే చేయించి రిపోర్టులు చేతిలో పెట్టుకోండి. వాటితో పాటు ప్రోగ్రెస్ కార్డులు, పుట్టినప్పటి బరువు, నెలలు నిండకుండా పుడితే ఆ కాగితాలు. అన్నిటికన్నా విలువైనది మనం పాత పేపర్లవాడికి తూకానికి వేసేసేది: నోటు పుస్తకాలు. ఏడాదికి రెండు చొప్పున, తెలుగుదొకటి, ఇంగ్లిష్‌దొకటి పెట్టెలో వేయండి. పిల్లాడికి తన భాషలోనూ ఇదే ఇబ్బంది ఉండేదని రుజువు చేసే కాగితం ఇక్కడ ఇంకెక్కడా దొరకదు.

స్కూల్లో చేర్చేటప్పుడు ఇంట్లో ఏ భాష మాట్లాడతారని ఫారం ఇస్తారు. ఈఎస్ఎల్ (ఇంగ్లిష్ రాని పిల్లలకి ఇంగ్లిష్ నేర్పే) క్లాసులో వేస్తారేమోనన్న భయంతో చాలామంది ‘ఇంగ్లిష్’ అని రాసేస్తారు. అది మనకే దెబ్బ. తర్వాత పరీక్ష చేసేవాళ్ళు మీ పిల్లాణ్ణి ఇంగ్లిష్ ఒక్కటే తెలిసినవాడిగా లెక్కవేసి అంకెలు రాస్తారు. తెలుగు అనే రాయండి.

ఇక అడగడం. వరండాలో టీచరుతో నోటిమాటగా చెప్పింది లెక్కలోకి రాదు. వైకల్యం ఉన్న పిల్లల చదువు కోసం అమెరికాలో ఐడియా అనే చట్టం ఉంది, 1975 నాటి చట్టానికి 1990లో పెట్టిన పేరు అది. పిల్లలకి వైకల్యం ఉందేమోనని అనుమానముంటే తల్లిదండ్రులు ఇవాల్యుయేషన్ (లోపం ఉందో లేదో తేల్చే పరీక్షలు) అడగొచ్చు, దానికి పైసా ఖర్చు లేదు. ప్రిన్సిపాల్‌కీ, స్పెషల్ ఎడ్యుకేషన్ చూసేవాళ్ళకీ ఒకే ఈమెయిల్ పెట్టండి. తేదీ, పిల్లాడి పేరు, తరగతి, ‘స్పెషల్ ఎడ్యుకేషన్ కోసం పూర్తి ఇవాల్యుయేషన్ కోరుతున్నాం’ అన్న వాక్యం, తర్వాత మీరు చూసినవి నాలుగైదు. ‘చదువులో వెనకబడ్డాడు’ అని రాస్తే ఉపయోగం లేదు. ‘ఇరవై పదాల పేరా చదవడానికి నాలుగు నిమిషాలు పట్టింది, తెలుగులోనూ ఇంతే, నోటు పుస్తకం పేజీలు జతచేశాం’ అని రాయండి. వాళ్ళు మీ సంతకం కోసం ఒక అనుమతి పత్రం పంపుతారు. మీ సంతకం అందిన రోజు నుంచి 60 రోజుల్లో పరీక్షలు పూర్తి కావాలి, కొన్ని రాష్ట్రాలకి సొంత గడువుంది. పరీక్షలు చేయడానికి స్కూలు ఒప్పుకోకపోతే ఎందుకు ఒప్పుకోలేదో రాతపూర్వకంగా ఇవ్వాలి, ఆ కాగితం అడిగి తీసుకోండి. ‘ముందు కొన్నాళ్ళు చిన్న గుంపులో నేర్పి చూస్తాం’ అంటే సరే అనండి, కానీ దాన్ని సాకుగా చూపి ఇవాల్యుయేషన్ వాయిదా వేయడానికి వీల్లేదని 2011లోనే అమెరికా కేంద్ర విద్యాశాఖ రాష్ట్రాలకి స్పష్టం చేసింది.

ఇంగ్లిష్ రాకపోవడం ఒక్కటే కారణమైతే వైకల్యం అని ముద్ర వేయకూడదని కూడా ఆ చట్టమే అంటుంది. వీలైనంతవరకు పిల్లాడి భాషలోనే పరీక్షించాలనీ అంటుంది. తెలుగు వచ్చిన సైకాలజిస్టు దొరకడం కష్టం కాబట్టి దుబాసీని అడగండి, మాటలతో పని లేని పరీక్షలూ కలపమనండి. దుబాసీ పని పక్కింటి అంకుల్‌కి అప్పగించొద్దు, మీ ఇంటి సంగతి ఆదివారం గుడిలో అందరి నోటా నానుతుంది. వీసా భయం పెట్టుకోకండి. పత్రాలు లేని పిల్లల్ని కూడా పబ్లిక్ స్కూలు కాదనకూడదని అమెరికా సుప్రీంకోర్టు 1982లో ప్లైలర్ కేసులో తేల్చింది.

అర్హత ఉందని తేలితే ఐఈపీ, అంటే ఆ పిల్లాడి కోసమే తయారుచేసే చదువు పథకం, రాస్తారు. ‘504 ప్లాన్ చాలదా’ అని కొన్నిచోట్ల అడుగుతారు. 504 ఎక్కువగా ఇచ్చేది సౌకర్యాలు: అదనపు సమయం, ప్రశ్నపత్రం చదివి వినిపించడం. చదవడమే రాని పిల్లాడికి కావాల్సింది నేర్పే మనిషి, అది ఐఈపీలో ఉంటుంది. సమావేశంలోనే సంతకం పెట్టక్కర్లేదు, ఇంటికి తీసుకెళ్ళి చదవండి. ‘చదవడంలో మెరుగుపడతాడు’ అన్నది లక్ష్యం కాదు. ‘మే నెలకల్లా రెండో తరగతి స్థాయి పేరాని నిమిషానికి 60 పదాల చొప్పున, నూటికి 95 సరిగ్గా చదువుతాడు’ అన్నది లక్ష్యం. సేవల దగ్గర వారానికి ఎన్నిసార్లు, ఎన్ని నిమిషాలు, గుంపులో ఎంతమంది, ఏ పద్ధతి అని నాలుగూ రాయించండి. డిస్‌లెక్సియా అయితే శబ్దానికీ అక్షరానికీ ముడి వేస్తూ మెట్టు మెట్టుగా నేర్పే పద్ధతి కావాలి. ఆర్టన్-గిల్లింగ్‌హామ్ ఆ కోవలోదే. ఐఈపీని ఏడాదికోసారి సమీక్షించాలి, మూడేళ్ళకోసారి మళ్ళీ పరీక్షించాలి.

కాంట్రాక్టు ఉద్యోగాల మీద ఊళ్ళు మారేవాళ్ళు జాగ్రత్త. సామాను కట్టే ముందే ఐఈపీ, పరీక్షల రిపోర్టు కాపీలు మీ చేతికి తీసుకోండి. విద్యా సంవత్సరం మధ్యలో మారితే కొత్త డిస్ట్రిక్ట్ పాతదానికి సమానమైన సేవలు వెంటనే ఇవ్వాలి, కాగితం చూపకపోతే ఆ ‘వెంటనే’ రెండు నెలలవుతుంది.

ఇంట్లో చేయాల్సింది తక్కువే. రోజూ పదిహేను నిమిషాలు, స్కూలు వాడే పద్ధతిలోనే. తప్పు మాటని యాభైసార్లు రాయించడం మన అలవాటు. అది చేతిని అలసగొడుతుంది తప్ప శబ్దాన్ని అక్షరానికి కట్టదు. అక్షరాభ్యాసంలో పళ్ళెంలో బియ్యం పోసి దిద్దించినట్టు, పళ్ళెంలో రవ్వ పోసి వేలితో పెద్దగా రాయించండి, రాస్తూనే ఆ శబ్దం పైకి పలకాలి. సెలవులకి వెళ్ళినప్పుడు ఆర్కే బీచ్ ఇసుక ఇంకా బాగుంటుంది. పలకకుండా రాస్తే మాత్రం అది ఇసుకలో ఆటే. పడుకునే ముందు తెలుగు కథ మీరు చదివి వినిపించండి, వాడితో చదివించొద్దు. రంగు కళ్ళద్దాలు, కంటి వ్యాయామాలు డిస్‌లెక్సియాని తగ్గిస్తాయనడానికి ఆధారం లేదని అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2009లోనే నేత్ర వైద్య సంఘాలతో కలిసి చెప్పింది. ఆ డబ్బు మిగుల్చుకోండి.

కొన్నేళ్ళకి విశాఖ తిరిగి వెళ్ళేవాళ్ళకి ఐఈపీ అక్కడ చెల్లదు, కానీ పరీక్షల రిపోర్టు పనికొస్తుంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో అభ్యసన లోపం కూడా ఉంది. సౌకర్యాలకి మాత్రం అక్కడి ప్రభుత్వ వైద్యాధికారుల సర్టిఫికెట్ కావాలి. సీబీఎస్ఈ బోర్డు పరీక్షల్లో గంటకి 20 నిమిషాలు అదనపు సమయం, రాసిపెట్టే మనిషి, రెండుకి బదులు ఒకే తప్పనిసరి భాష తీసుకునే వీలు ఉన్నాయి. తెలుగు, హిందీ, ఇంగ్లిష్ మూడూ ఒకేసారి మీదపడే స్కూల్లో ఆ ఆఖరి వెసులుబాటే పిల్లాడికి ఊపిరి. ఎంవీపీ కాలనీలో చేర్చినా, మధురవాడలో చేర్చినా ఫీజు కట్టక ముందే ప్రిన్సిపాల్‌ని ఈ సంగతి అడిగి, జవాబు ఈమెయిల్‌లో తెప్పించుకోండి.