డాక్టర్ సలహా: నడాల్‌లా ఇంజెక్షన్ వేయించి టోర్నీ ఆడించొచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా అమ్మాయికి 15 ఏళ్లు. చిన్నప్పటి నుంచీ టెన్నిస్ ఆడుతోంది. ఆర్నెల్ల కిందట హైదరాబాద్‌లో అకాడమీలో చేర్చాం. రోజుకు నాలుగు గంటలు, వారానికి ఆరు రోజులు ప్రాక్టీస్. నెలన్నరగా నడుం కింద ఒక పక్క నొప్పి అంటోంది. సర్వ్ చేసేటప్పుడు ఎక్కువవుతోందట. ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు. కండరం పట్టేసిందని ఫిజియో కాపడం పెడుతున్నారు. నొప్పి మాత్ర వేసుకుని ఆడుతోంది. మూడు వారాల్లో అండర్-16 టోర్నీ ఉంది. నడాల్ ఇంజెక్షన్లు చేయించుకునే ఫ్రెంచ్ ఓపెన్ గెలిచాడట కదా, మా అమ్మాయికీ అలా ఒకటి వేయించి ఈ ఒక్క టోర్నీ ఆడించొచ్చా?
- ఒక తండ్రి, గుంటూరు

జవాబు: వద్దండీ. ఇంజెక్షనూ వద్దు, ఆ టోర్నీ కూడా వద్దు. ముందు ఈ రోజు నుంచే ఆట ఆపించండి.

ఉత్తరం చదివి జబ్బు తేల్చలేను. కానీ పెరిగే వయసు పిల్లలకు నెలన్నర పాటు నడుం నొప్పి ఉండి, అదీ వెనక్కి వంగినప్పుడు పెరుగుతోందంటే కండరం అని వదిలేయకూడదు. మొదట అనుమానించాల్సింది ఎముకను. నడుం పూసకు వెనకవైపు, పై కీలునూ కింది కీలునూ కలిపే సన్నటి ఎముక భాగం ఒకటుంటుంది. సర్వ్‌కి బంతి ఎగరేశాక నడుం విల్లులా వెనక్కి వంగుతుంది, ఆ వంపులోనే మెలి కూడా తిరుగుతుంది. ఆ భారమంతా ఆ సన్నటి చోట పడుతుంది. బైండింగ్ వైరును ఒకేచోట అటూ ఇటూ వంచుతూ పోతే ఏమవుతుందో మీకు తెలుసు. ఎముకలో అలా వచ్చే సన్నటి చీలికనే స్ట్రెస్ ఫ్రాక్చర్ అంటాం. నడుం పూసలో వస్తే దాని పేరు స్పాండిలోలైసిస్. దెబ్బ తగలదు, పడిపోవడం ఉండదు. అందుకే ఇంట్లోవాళ్లకు అనుమానం రాదు.

ఒక బుట్టలో 70, 80 బంతులుంటాయనుకోండి. కోచ్ రెండు బుట్టలు సర్వ్ చేయించాడంటే ఒక్క పూటలో 150 సార్లు అలా వంగినట్టే. ఈమధ్య కిక్ సర్వ్ (బంతి నేలకు తగిలాక ఎత్తుగా లేచేలా కొట్టే సర్వ్) ఏమైనా కొత్తగా నేర్పుతున్నారేమో కనుక్కోండి. అందులో బంతిని తల మీదుగా ఇంకాస్త వెనక్కి ఎగరేస్తారు కాబట్టి వంపు ఇంకా ఎక్కువ.

మొదట్లో ఈ చీలిక ఎక్స్‌రేకి దొరక్కపోవచ్చు. ఎంఆర్‌ఐ కావాలి. అయితే రిపోర్టు చేతికి రాగానే అందులో ప్రతి పదానికీ టెన్షన్ పడకండి. 2007లో బ్రిటన్‌లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, నడుం నొప్పే లేని 33 మంది మేటి జూనియర్ టెన్నిస్ ప్లేయర్లకు ఎంఆర్‌ఐ తీస్తే 28 మందికి ఏదో ఒక తేడా కనిపించింది. కాబట్టి రిపోర్టునూ, పిల్ల చెప్పే నొప్పినీ, వంచి చూసిన పరీక్షనూ కలిపి చదివే ఆర్థోపెడిక్ డాక్టరుకో స్పోర్ట్స్ మెడిసిన్ డాక్టరుకో చూపించండి.

ఇక నడాల్ సంగతి. మీరు విన్నది నిజమే. 2022లో పారిస్‌లో నరానికి మత్తు ఇంజెక్షన్లు చేయించుకుని, పాదం మొద్దుబారి ఉండగానే ఆడి 14వ ఫ్రెంచ్ ఓపెన్ గెలిచాడు. కానీ అప్పటికాయనకు 36 ఏళ్లు. ఎడమ పాదంలో ఉన్నది ఎన్నో ఏళ్లుగా తెలిసిన అరుదైన ఎముక జబ్బు. ఏం పణంగా పెడుతున్నాడో తెలిసి చేసిన పని అది. అంతకన్నా ముఖ్యం, గెలిచిన రోజే ఇలా ఇంజెక్షన్లతో ఇక ఆడలేనని ఆయనే చెప్పాడు. మన వార్తల్లో కప్పు ఎత్తిన ఫొటో వస్తుంది, ఈ మాట రాదు. బ్రిటన్ టెన్నిస్ ఆటగాడు ఆండీ ముర్రేకి కూడా వింబుల్డన్ గెలిచిన 2013లోనే నడుం ఆపరేషన్ అయింది. 2019లో తుంటి కీలుకి లోహం అమర్చాల్సి వచ్చింది.

మీ అమ్మాయికి ఎముక ఇంకా పెరుగుతోంది. నొప్పి తెలియకుండా చేస్తే చీలిక ఆగదు, ఆట ఆపమని చెప్పే ఒకే ఒక్క హెచ్చరిక పోతుంది. రోజూ వేస్తున్న మాత్ర చేస్తున్నదీ అదే, దాన్నీ మానిపించండి.

స్ట్రెస్ ఫ్రాక్చర్ అని తేలినా భయపడాల్సింది లేదు. త్వరగా పట్టుకుంటే చాలామందికి ఆపరేషన్ అక్కర్లేకుండానే తగ్గిపోతుంది. కాకపోతే సుమారు మూడు నెలలు ఆటకు దూరంగా ఉండాలి. ఆ తర్వాత పొట్ట, నడుం, తుంటి కండరాలకు వ్యాయామాలు, మెల్లగా గ్రౌండ్ స్ట్రోక్స్ (బంతి నేలకు తగిలి లేచాక కొట్టే షాట్లు), అన్నిటికన్నా చివర్న సర్వ్. కాళ్లలో తిమ్మిరి, బలం తగ్గడం, మూత్రం తేడా, జ్వరం, రాత్రి నిద్ర లేపే నొప్పి వీటిలో ఏది ఉన్నా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి.

నెలసరి సరిగా వస్తోందో లేదో వాళ్లమ్మగారిని అడగమనండి. ఆటకు తగ్గ తిండి తినకపోతే నెలసరి తప్పుతుంది, ఎముక బలహీనపడుతుంది. హాస్టల్లో పొద్దున్న ఒక అరటిపండు తిని కోర్టుకి వెళ్లే పిల్లల్ని నేను చాలామందిని చూశాను. విటమిన్ డి పరీక్ష కూడా చేయించండి.

ప్రాక్టీస్ గంటల మాటకొస్తే, వారానికి ఆడే గంటలు పిల్ల వయసును మించకూడదని క్రీడా వైద్యులు ఒక లెక్క చెబుతారు. మీ పాప వయసు 15, ఆడుతున్నది 24. మహిళల ప్రొఫెషనల్ టెన్నిస్ నడిపే సంఘం డబ్ల్యూటీఏ వాళ్లు సైతం 14 నిండని అమ్మాయిల్ని ప్రొఫెషనల్ టోర్నీలకు రానివ్వరు, 18 నిండేదాకా ఏడాదికి ఇన్నే ఆడాలని పరిమితి పెడతారు. తగ్గించుకుంటే వెనకబడిపోతుందేమో అంటారా? మన సానియా మీర్జా రెండు మోకాళ్లకూ మణికట్టుకూ ఆపరేషన్లయ్యాక, 2013లో సింగిల్స్ వదిలేసి డబుల్స్ మీదే దృష్టి పెట్టింది. 2015లో డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్ అయింది.

ఇంకొక్క మాట. నా గదిలో పిల్లల్ని "నొప్పి ఎంతమ్మా?" అని అడిగితే ముందు నాన్న మొహం చూసి, తర్వాత "పర్లేదు సార్" అంటారు. నాన్నగారిని కాసేపు బయట కూర్చోబెట్టి, రాకెట్ లేకుండా సర్వ్ చేసి చూపించమంటే చెయ్యి సగం పైకి లేచేసరికే మొహం ముడుచుకుపోతుంది. మీ పాపను కూడా డాక్టరుతో ఒంటరిగా ఓ ఐదు నిమిషాలు మాట్లాడనివ్వండి.

టోర్నీ ఎంట్రీ వెనక్కి తీసుకోవడానికి గడువుంటుంది, అది దాటితే పెనాల్టీ పాయింట్లు పడొచ్చు. ఈ వారమే డాక్టరుకి చూపించి, మెడికల్ సర్టిఫికెట్ కూడా అక్కడే తీసుకోండి.