కొడుకు ఇంజినీరింగ్ ఫీజుకు ఎఫ్‌డీ బ్రేక్ చేయాలా? ముందు రికార్డ్ ఆఫీసుకు రాయండి

ప్రశ్న: మాది విజయనగరం జిల్లా. మా వారు ఆర్మీలో హవల్దారు. 2016లో జమ్మూకశ్మీర్‌లో ఉగ్రవాదులతో జరిగిన ఎదురుకాల్పుల్లో చనిపోయారు. బాబు ఈ ఏడాది ఇంటర్ ఎంపీసీ పూర్తి చేశాడు, ఈఏపీసెట్ రాశాడు. పాప పదో తరగతికి వచ్చింది. నాకు ఫ్యామిలీ పెన్షన్ వస్తోంది. అప్పుడు వచ్చిన డబ్బులో ₹30 లక్షలు ఒకే బ్యాంకులో ఎఫ్‌డీగా ఉన్నాయి. ₹4 లక్షలు డొనేషన్ కడితే కంప్యూటర్ సైన్స్ సీటు ఇప్పిస్తానని ఒక కన్సల్టెంట్ అంటున్నాడు. తెలిసిన ఏజెంటు ఏడాదికి ₹2 లక్షలు కట్టే చైల్డ్ ప్లాన్ తీసుకోమంటున్నాడు. ఎఫ్‌డీ తీసి ఫీజులు కట్టేయమంటారా?

జవాబు: ఎఫ్‌డీని ఇప్పుడే కదపకండి. డొనేషన్ అసలే కట్టకండి. మీ బాబు డిగ్రీ ఫీజు, హాస్టల్ ఖర్చు భరించాల్సింది మీరు కాదు, రక్షణ శాఖ. అది మీ హక్కు. మీ ఉత్తరంలో దాని ప్రస్తావనే లేదు కాబట్టి ముందు అదే చెబుతాను.

1971 యుద్ధం తర్వాత, 1972లో, యుద్ధంలో చనిపోయిన, గల్లంతైన, శాశ్వతంగా వికలాంగులైన సైనికుల పిల్లల కోసం కేంద్రం విద్యా రాయితీ పథకం పెట్టింది. తర్వాతి కాలంలో ఉగ్రవాదులతో పోరులో చనిపోయినవారి పిల్లలకూ వర్తింపజేశారు. స్కూలు నుంచి మొదటి డిగ్రీ పూర్తయ్యేదాకా ట్యూషన్ ఫీజు పూర్తిగా తిరిగి ఇస్తారు. హాస్టల్లో ఉండి చదివితే హాస్టల్ చార్జీలు కూడా. బస్సు చార్జీ కూడా ఇస్తారు. పుస్తకాలు, యూనిఫాం ఖర్చులు నిర్ణీత పరిమితుల మేరకు ఇస్తారు. 2017లో ట్యూషన్, హాస్టల్ కలిపి నెలకు ₹10,000 మించకూడదని పరిమితి పెట్టారు. దానిపై పెద్ద ఎత్తున అభ్యంతరాలు వచ్చాయి. 2018 మార్చిలో తీసేశారు. ఇప్పటికీ ‘నెలకు పదివేలే వస్తాయి’ అని చెప్పేవాళ్లు కనిపిస్తారు, అది పాత మాట.

ఈ పథకంలో రానివి కూడా తెలుసుకోండి. క్యాపిటేషన్ ఫీజు, అంటే సీటు కోసం కట్టే డొనేషన్, రాదు. కాషన్ డిపాజిట్, అంటే కాలేజీ హామీగా తీసుకుని చివర్లో తిరిగిచ్చే డబ్బు, రాదు. పీజీ రాదు. ప్రభుత్వ గుర్తింపు లేని సంస్థలో చదివితే ఏమీ రాదు. కన్సల్టెంట్ అడుగుతున్న ₹4 లక్షలకు రసీదే ఉండదు. ఒకవేళ ఇచ్చినా అది ట్యూషన్ ఫీజు కింద చెల్లదు.

అన్నిటికీ మూలం ఒక కాగితం. చనిపోయిన తీరును సైన్యం ‘బాటిల్ క్యాజువాల్టీ’ (పోరులో మరణం) అని నమోదు చేసిందా, ‘ఫిజికల్ క్యాజువాల్టీ’ (పోరుతో సంబంధం లేని మరణం) అని నమోదు చేసిందా అన్నదే అసలు విషయం. విద్యా రాయితీ మొదటిదానికే. మీ పీపీఓ, అంటే పెన్షన్ మంజూరు పత్రం, తీసి చూడండి. అందులో ‘లిబరలైజ్డ్ ఫ్యామిలీ పెన్షన్’ అని ఉంటే మంచి సూచన. ఈ పెన్షన్ ఆఖరి జీతంతో సమానంగా ఉంటుంది. ‘స్పెషల్ ఫ్యామిలీ పెన్షన్’ అని ఉంటే 60 శాతమే వస్తున్నట్టు. ఎదురుకాల్పుల్లో పోయినా పీపీఓలో స్పెషల్ అని పడి ఉంటే ముందు ఆ తప్పు సరిచేయించుకోవాలి, అక్కడ పోయేది ఫీజులు మాత్రమే కాదు. ఏదైనా సరే, బాటిల్ క్యాజువాల్టీ సర్టిఫికెట్ మీ చేతిలో లేకపోతే మీ వారి రెజిమెంట్ రికార్డ్ ఆఫీసుకు ఆర్మీ నంబరు, ర్యాంకు, పేరు, యూనిట్, చనిపోయిన తేదీ రాసి రిజిస్టర్డ్ పోస్టులో అడగండి. అదే ఉత్తరంలో ఇద్దరు పిల్లలకూ విద్యా రాయితీ మంజూరు కావాలని, క్లెయిమ్ ఫారాలు పంపమని రాయండి. ఒక నకలు మీ జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో ఇచ్చి, మీ కాపీ మీద స్వీకరణ ముద్ర వేయించుకోండి.

ఎక్కువ క్లెయిములు వెనక్కి వచ్చేది పేర్ల దగ్గర. పిల్లల పుట్టుక సర్వీసు రికార్డులో ‘పార్ట్ టూ ఆర్డర్’గా నమోదై ఉంటుంది. అందులో ఒక స్పెల్లింగు, పదో తరగతి మెమోలో ఇంకొకటి, ఆధార్‌లో మరొకటి. మన ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక, ఒకచోట పొడి అక్షరం. మూడూ పక్కపక్కన పెట్టి చూడండి. తేడా ఉంటే ఇప్పుడే సరిచేయించండి. పాప పదో తరగతిలోనే ఉంది కాబట్టి బోర్డుకు వివరాలు వెళ్లేలోపు ఆమె పేరు సర్వీసు రికార్డుతో సరిపోయేలా స్కూల్లో చూసుకోండి. మెమో వచ్చాక మార్చడం చాలా కష్టం. మరో విషయం, పాప స్కూలు ఫీజుకూ ఇదే రాయితీ ఉంది. గత ఏళ్ల అసలు రసీదులుంటే జతచేసి అడగండి, కానీ ఆ డబ్బు వస్తుందని ముందే ఖర్చు రాసుకోకండి.

కాలేజీలో చేరగానే తీసుకోవాల్సినవి: బోనఫైడ్ సర్టిఫికెట్, కాలేజీకి ఏ సంస్థ గుర్తింపు ఉందో ప్రిన్సిపాల్ సంతకంతో ఉత్తరం, ట్యూషన్, హాస్టల్, బస్సు, డిపాజిట్ విడివిడిగా చూపే రసీదులు. చాలా కాలేజీలు అన్నీ కలిపి ఒకే మొత్తానికి రసీదు ఇస్తాయి. అలా ఉంటే క్లెయిమ్ ఆగిపోతుంది. కట్టే రోజునే విడగొట్టి రాయించుకోండి. బయట ప్రైవేటు హాస్టల్లో కంటే కాలేజీ హాస్టల్లో చేర్చడమే మేలు, రసీదు చిక్కులు రావు.

సీటు విషయానికి వస్తే, కన్సల్టెంట్ మీకు చెప్పని సంగతి ఉంది. కన్వీనర్ కోటా ఇంజినీరింగ్ సీట్లలో 2 శాతం సైనికుల పిల్లలకు, అంటే క్యాప్ కేటగిరీకి ఉంటాయి. అందులోనూ ప్రాధాన్య క్రమం ఉంది: పోరులో చనిపోయినవారి పిల్లలు అందరికంటే ముందు, మాజీ సైనికుల పిల్లలు చాలా వెనక. మీ బాబు మొదటి వరుసలో ఉంటాడు కాబట్టి ర్యాంకు కాస్త దూరంగా ఉన్నా కంప్యూటర్ సైన్స్ దొరికే అవకాశం బాగా ఉంది. ఈఏపీసెట్ దరఖాస్తులో క్యాప్ అని పెట్టాడో లేదో చూడండి. స్పెషల్ కేటగిరీల సర్టిఫికెట్ల పరిశీలనకు వేరే తేదీలు ఇస్తారు. ఆ రోజు ఒరిజినల్స్‌తో వెళ్లకపోతే జనరల్‌లో కలిపేస్తారు. జేఈఈ మెయిన్ రాసి ఉంటే పుణెలోని ఆర్మీ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ కూడా చూడండి, అక్కడి సీట్లు ఆర్మీ వారి పిల్లలకే. జేఈఈ అడ్వాన్స్‌డ్ ర్యాంకు వస్తే ఒక్కో ఐఐటీలో రెండు సీట్లు పోరులో చనిపోయిన, శాశ్వతంగా వికలాంగులైన సైనికుల పిల్లలకు ప్రాధాన్యంగా ఇస్తారు. రిజిస్ట్రేషన్‌లోనే ఆ వివరం ఇవ్వాలి.

ప్రధానమంత్రి స్కాలర్‌షిప్‌కు కూడా బాబుతో దరఖాస్తు చేయించండి. కేంద్రీయ సైనిక బోర్డు ఏటా 5,500 మందికి ఇస్తుంది, సగం అమ్మాయిలకు. అబ్బాయిలకు నెలకు ₹2,500, అమ్మాయిలకు ₹3,000 చొప్పున ఏడాదికోసారి వేస్తారు. ఇంటర్‌లో కనీసం 60 శాతం ఉండాలి. వృత్తివిద్యా కోర్సు మొదటి ఏడాదిలోనే దరఖాస్తు చేయాలి. ‘ముందు చేరనీ, రెండో ఏడు చూద్దాం’ అనుకున్న కుటుంబాలు ఇక్కడే నష్టపోతాయి. తర్వాత ప్రతి ఏడూ 50 శాతం నిలబెట్టుకోవాలి. విద్యార్థి పేరు మీదే ఖాతా తెరిచి ఆధార్ లింక్ చేయించండి. వేరే సాయం అందుతోందా అని దరఖాస్తులో డిక్లరేషన్ ఉంటుంది. విద్యా రాయితీ సంగతి అందులో దాచవద్దు, సైనిక సంక్షేమ అధికారికి చెప్పి ఆయన సూచించినట్టు నింపండి. ఈ డబ్బును నా లెక్కలో కలపడం లేదు. వస్తే అదనం.

ఇక లెక్క. ట్యూషన్ ₹1 లక్ష, హాస్టల్ ₹1.1 లక్షలు అనుకుందాం. ఏడాదికి ₹2.1 లక్షలు ముందు మీరు కట్టాలి, తర్వాత తిరిగి వస్తుంది. ఎప్పుడొస్తుందన్నది మన చేతిలో ఉండదు. ఒక ఏడాది ఫీజు మన దగ్గర తిరుగుతూ ఉండాలి. దీనికి ₹3 లక్షలు విడిగా పెట్టండి. వచ్చిన రీయింబర్స్‌మెంట్ మళ్లీ అందులోనే పడాలి, ఇంటి ఖర్చుల్లో కలిసిపోతే మరుసటి జూన్‌లో మళ్లీ వెతుక్కోవాలి. పథకంలో రాని ఖర్చులు వేరు: ల్యాప్‌టాప్ ₹60 వేలు, బాబు చేతి ఖర్చుకు నెలకు ₹4,000 అంటే నాలుగేళ్లకు ₹1.92 లక్షలు, కాషన్ డిపాజిట్, చిల్లర ఖర్చులు. దీనికి ఇంకో ₹3 లక్షలు. అత్యవసరానికి ₹4 లక్షలు. మిగిలిన ₹20 లక్షలు పీజీ చదువుల కోసం, ఎందుకంటే అక్కడ రాయితీ ఉండదు.

అందులో బాబుకు ₹8 లక్షలు. నాలుగేళ్లలో కావాలి కాబట్టి ఎఫ్‌డీలోనే ఉంచండి. తక్కువ పడితే కేంద్రం విద్యారుణ పథకం పీఎం విద్యాలక్ష్మి జాబితాలోని కాలేజీలకు హామీ లేకుండా విద్యారుణం ఇస్తారు. పాపకు ₹12 లక్షలు. ఆమె పీజీకి ఆరేడేళ్లు ఉంది, కాబట్టి సగం, అంటే ₹6 లక్షలు, నెలకు ₹40 వేల చొప్పున 15 నెలల్లో ఒక నిఫ్టీ ఇండెక్స్ ఫండ్ (నిఫ్టీ సూచీలోని కంపెనీల షేర్లలో పెట్టే మ్యూచువల్ ఫండ్)లోకి మార్చవచ్చు. చదువుకు మూడేళ్లు ఉందనగా విడతలుగా మళ్లీ ఎఫ్‌డీలోకి తెచ్చేయాలి. మార్కెట్ పడితే నిద్ర పట్టదు అనుకుంటే మొత్తం ఎఫ్‌డీలోనే ఉంచినా తప్పు లేదు.

₹30 లక్షలు ఒకే బ్యాంకులో ఉండటం నాకు నచ్చలేదు. డిపాజిట్ బీమా ఒక బ్యాంకులో ఒక మనిషికి వడ్డీతో కలిపి ₹5 లక్షలకే. సహకార బ్యాంకు అయితే గడువు తీరే కొద్దీ విడగొట్టండి, పెద్ద ప్రభుత్వ బ్యాంకు అయితే కంగారు పడనక్కర్లేదు. ఏ ఎఫ్‌డీ ఏ పనికో దానికి తగ్గట్టు ముక్కలుగా వేస్తే, ఒక అవసరానికి మొత్తం బ్రేక్ చేసే పని ఉండదు.

పన్ను గురించి రెండు మాటలు. ఆపరేషన్ విధుల్లో చనిపోయిన సైనికుడి భార్యకు, పిల్లలకు వచ్చే ఫ్యామిలీ పెన్షన్‌పై ఆదాయపన్ను లేదు. ఎఫ్‌డీ వడ్డీపై ఉంది. వడ్డీలోంచి బ్యాంకు ముందే పన్ను (టీడీఎస్) కోయకుండా ఏడాది మొదట్లోనే బ్యాంకులో డిక్లరేషన్ ఇవ్వండి. పాప పేరున ఎఫ్‌డీ వేస్తే పన్ను తప్పుతుందని ఎవరైనా అంటే నమ్మకండి, మైనర్ వడ్డీ మీ ఆదాయంలోనే కలుస్తుంది.

చైల్డ్ ప్లాన్ వద్దు. తండ్రి సంపాదన ఆగిపోతే పిల్లల చదువు ఆగకూడదని తీసుకునే పాలసీ అది. మీ ఇంట్లో చదువు ఫీజు కేంద్రం చూస్తోంది, మీ పెన్షన్ మీ ఉద్యోగం మీద ఆధారపడినది కాదు. ఏడాదికి ₹2 లక్షలు కట్టలేక మధ్యలో ఆపితే నష్టం మీదే. మీకేమైనా అయితే ఎలా అన్న భయం ఉంటే దానికి చేయాల్సింది వేరు: ప్రతి ఎఫ్‌డీకీ నామినీ పెట్టండి, పాప మైనర్ కాబట్టి ఆమె తరఫున డబ్బు తీసుకునే పెద్దమనిషి పేరు కూడా రాయండి, పెన్షన్ రికార్డులో ఇద్దరు పిల్లల పేర్లూ ఉన్నాయో లేదో చూడండి. మీ తర్వాత అర్హత ఉన్న పిల్లలకు ఆ పెన్షన్ వెళ్లాలంటే ఆ పేర్లు అక్కడ ఉండాలి.

ఇదే పరిస్థితిలో ఉన్నా, భర్త మరణం బాటిల్ క్యాజువాల్టీ కాని వారు కూడా ఇది చదువుతుంటారు. మీకు ఫీజు మొత్తం రాదు. కానీ మరణానికి సర్వీసే కారణమని నమోదై ఉంటే ప్రధానమంత్రి స్కాలర్‌షిప్ ఉంది, క్యాప్‌లో తర్వాతి ప్రాధాన్యం ఉంది. హవల్దారు, అంతకంటే కింది ర్యాంకుల వారి భార్యలకు కేంద్రీయ సైనిక బోర్డు ద్వారా ఒకటో తరగతి నుంచి డిగ్రీ దాకా ఇద్దరు పిల్లలకు, ఒక్కొక్కరికి నెలకు ₹2,000 ఇస్తారు. 2025 నవంబరు 1 వరకు ఇది ₹1,000గా ఉండేది. సీఆర్పీఎఫ్, బీఎస్ఎఫ్ వంటి కేంద్ర బలగాల కుటుంబాలు సైనిక బోర్డుకు కాదు, హోం శాఖ స్కాలర్‌షిప్‌కు నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో దరఖాస్తు చేయాలి. ఉగ్రవాద, నక్సల్ దాడుల్లో చనిపోయిన రాష్ట్ర పోలీసుల పిల్లలకు కూడా 2019 నుంచి అక్కడ ఏటా 500 స్కాలర్‌షిప్‌లు ఉన్నాయి.