‘మై ఫాదర్ ఆర్’, ‘హి డోంట్’ అని నోరు జారుతోంది, ఇంటర్వ్యూలోపు ఎలా సరిచేసుకోవాలి?

రాసేటప్పుడు తప్పు రాదు, మాట్లాడేటప్పుడే ‘మై ఫాదర్ ఆర్’, ‘హి డోంట్’ అని వచ్చేస్తోంది, వచ్చే వారం విశాఖలో ఇంటర్వ్యూ అన్నారు. విజయనగరంలో డిగ్రీ పిల్లలకి సాయంత్రాలు మాక్ ఇంటర్వ్యూలు చేయిస్తుంటాను. ఇవే తప్పులు రోజూ వింటాను కాబట్టి చెప్తున్నా.

కర్తని బట్టి క్రియ మార్చడం మనకి రాక కాదండీ. వెళ్తాను, వెళ్తాడు, వెళ్తుంది, వెళ్తారు అని చిన్నప్పటి నుంచీ మారుస్తూనే ఉన్నాం. ఇంగ్లీషులో అంత పనే లేదు, మామూలు క్రియకి హి, షి, ఇట్ దగ్గర ఒక్క ఎస్ తగిలిస్తే చాలు. ఎవరు ఏకవచనం, ఎవరు బహువచనం అన్న లెక్క దగ్గరే మనకీ వాళ్ళకీ తేడా.

నరసన్నపేట వైపు నుంచి వచ్చే ఒకమ్మాయిని ఇంటి గురించి చెప్పమంటే ‘మై ఫాదర్ ఆర్ ఎ ఫార్మర్, దే హావ్ టూ ఏకర్స్’ అంది. ‘ఈజ్’ అనాలమ్మా అన్నాను. కాసేపు నసిగి, ‘నాన్నని అలాగంటే బాగోదు కదండీ’ అంది. పాపం, ఆ పిల్ల బుర్రలో నడుస్తున్నది ‘నాన్నగారు ఉన్నారు’. మనం గౌరవానికి బహువచనం వాడతాం. ఇంగ్లీషులో నాన్నగారైనా, కలెక్టరుగారైనా ‘హి ఈజ్’, ‘హి హాజ్’, అంతే. మర్యాదేమీ తగ్గదు.

‘ఎవ్రిబడీ’ కూడా అదే బాపతు. మనకి అందరూ వచ్చారు, వాళ్ళకి ‘ఎవ్రిబడీ ఈజ్ హియర్’. నీళ్ళు, పాలు, డబ్బులు మనకి బహువచనాలు కాబట్టి, కుళాయి రాని రోజు ‘వాటర్ ఆర్ నాట్ కమింగ్’ అనేస్తాం. వాటర్, మిల్క్, మనీ మూడింటికీ ‘ఈజ్’. ‘పీపుల్’ మాత్రం మన జనం లాగే, ‘ఆర్’.

‘హి డోంట్’ సంగతి వేరు. ఐ డోంట్, యూ డోంట్ అని అని నోటికి అలవాటైపోయి వస్తుంది. ఇంగ్లండులో, అమెరికాలో కొన్ని యాసల్లో పుట్టు ఇంగ్లీషువాళ్ళే అలా అంటారు, మన వైపు ‘వస్తాది’ అన్నట్టు. ఇంటర్వ్యూలో మాత్రం ‘డజంట్’ అనండి. డజ్ వచ్చిందంటే క్రియకి మళ్ళీ ఎస్ వద్దు. ‘డజ్ హి వర్క్’ చాలు, ‘వర్క్స్’ కాదు. అన్నట్టు, క్రికెట్ కామెంటరీలో ‘ఇండియా ఆర్ బ్యాటింగ్’ అని విని కంగారు పడకండి. బ్రిటిష్ ఇంగ్లీషులో జట్టుని అలా బహువచనంగా అనడం మామూలే.

మరి ప్రాక్టీసంటారా, అందరూ బట్టీపట్టే సెల్ఫ్ ఇంట్రడక్షన్ మొత్తం ‘ఐ’ మీదే నడుస్తుంది. అందులో ఎస్ అవసరమే రాదు. అందుకే ‘వాట్ డజ్ యువర్ ఫాదర్ డూ’ అనగానే తడబాటు మొదలు. మీ అమ్మగారు పొద్దున లేచింది మొదలు ఏమేం చేస్తారో రోజూ పైకి చెప్పండి: షి గెట్స్ అప్, షి మేక్స్ టీ, షి గోజ్ టు ద మార్కెట్. తర్వాత అవే వాక్యాలు ‘డజంట్’ పెట్టి మళ్ళీ చెప్పండి. మనసులో అనుకుంటే లాభం లేదు, అలవాటు పడాల్సింది నోరు.

‘వన్ ఆఫ్ మై ఫ్రెండ్స్ ఈజ్’ లాంటివి ఈ వారానికి పక్కన పెట్టేయండి. అక్కడ తప్పు దొర్లితే వెనక్కి వెళ్ళి సరిచేయొద్దు, చెప్పేది ఆపకుండా చెప్పేయండి. అమ్మ, నాన్న, కాలేజీ, ఊరు, ఈ నాలుగింటి మీద ఈజ్, హాజ్, డజంట్ తడుముకోకుండా వస్తే ఈ ఇంటర్వ్యూకి సరిపోతుంది.